మరువ పారిపోయిన కేసు

నీళ్ళుంటే పంట పండుతుందని, పంట పండితే ఊరు నిలబడుతుందని మా ఎర్రవంకపల్లెలో ముక్కు చీదడం రాని పిల్లకు కూడా తెలుసు. ప్రభుత్వానికి తెలియడానికి మాత్రం ఒక సదస్సు కావాల్సి వచ్చింది. రాజధానిలో చల్లటి గదిలో కూర్చుని, సీసా నీళ్ళు సగం తాగి సగం వదిలేసి, పెద్దలు పొద్దుగూకులూ చర్చించి, ‘ఆర్థికాభివృద్ధికి నీరే మూలం’ అని కనిపెట్టారు. కనిపెట్టినవాళ్ళు ఊరుకోరు కదా. జల ఆర్థికాభివృద్ధి మిషన్ అని ఒక ఆఫీసు పెట్టారు. ఆఫీసుకు ‘ప్రతి చుక్కకూ ఒక ఉత్పత్తి’ అని నినాదం పెట్టారు. నినాదానికి ఒక బొమ్మ పెట్టారు. టోపీ పెట్టుకుని నవ్వే నీటిచుక్క. ఆ బొమ్మను మా పంచాయతీ ఆఫీసు గోడ మీద కూడా వేశారు. మా చెరువులో కనపడని చుక్క ఆ విధంగా గోడ మీద కనపడింది.

చెరువులో ఎందుకు కనపడదంటే, మా మరువ తెగిపోయింది. చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు కట్టను కోసేయకుండా ఒక పక్కనుంచి పొర్లిపోవడానికి రాతితో కట్టిన అడ్డుగోడను మా వైపు మరువ అంటారు. రాసేటప్పుడు మరువ, నోటితో మరవ. పోయిన పెద్ద వానకు అది నడుం విరిగి కూర్చుంది. అప్పటినుంచి ఎంత వాన పడినా, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే ఆ కంతలోంచి పోతున్నాయి. చెరువు కింద మళ్ళు బీడుపడ్డాయి. బోర్లు నీళ్ళకు బదులు గాలి కక్కుతున్నాయి.

ఓబుళమ్మకు చెరువు కింద ఒక మడి ఉంది. మరువ తెగినప్పటినుంచి మొగుణ్ణి వెంటబెట్టుకుని బెంగళూరు పోయి, కట్టే ఇళ్ళకు ఇటుకలు మోస్తోంది. ఆ ఎండాకాలం ఊరికొచ్చి, ఇంటి తాళం తీసి, నేరుగా నా దగ్గరికొచ్చింది.

"ఏమన్నా, ధర్నాలు చేస్తావు, అర్జీలు రాస్తావు, మైకు దొరికితే ఇడ్సవు. వానలు దిగేలోపల మరవ కట్టిస్తావా? లేదంటే నేను మళ్ళా ఆ బెంగళూరు రేకుల కొట్టానికే పోవల్లనా? రెండిట్లో ఒకటి చెప్పు."

నేను అర్జీ రాశాను. "మా ఊరి మరువ పూర్తిగా పాడైపోయింది. మరువ లేక రైతులు వలస పోతున్నారు. తక్షణం మరువను పునరుద్ధరించి మా ఊరిని నిలబెట్టండి." ఇందులో తప్పు పట్టుకోగలిగినవాడికి నేను ఈరోజుకీ దండం పెడతాను. మిషన్ వారి పోర్టల్‌లో ఎక్కించాం. పోర్టల్ ధన్యవాదాలు చెప్పింది. టోపీ చుక్క కన్ను కొట్టింది.

కొన్నాళ్ళకు ఊళ్ళోకి లారీ వచ్చింది. సిమెంటు వచ్చిందని జనం పరుగెత్తారు. లారీ వెనక తలుపు తీయగానే ఘుప్పుమని వాసన కొట్టింది. రచ్చబండ మీద కూర్చుని ఊరి మంచిచెడ్డలన్నిటికీ వెక్కిరింపు తగిలించే సుంకన్న మామ ముక్కు ఎగబీల్చాడు.

"ఇదేందప్పా, సిమెంటు ఇంత కమ్మగా వాసనొస్తాండాది! పూలదండలోకి కట్టుకోవచ్చునే!"

నిజంగానే కట్టుకోవచ్చు. లారీ నిండా మరువం మొక్కలు. ఆడవాళ్ళు కనకాంబరాల్లో కలిపి జడలో పెట్టుకునే మరువం. వాటి వెనకే జీపులోంచి మిషన్ జిల్లా సమన్వయకర్త వైకుంఠరావు గారు దిగారు. కోస్తా ఆయన. చొక్కా మీద చిన్న టోపీ చుక్క.

"మీ గ్రామాన్ని సుగంధ క్లస్టర్‌గా ఎంపిక చేయడమైనది," అన్నాడు. "అభినందనలు."

నేను దండం పెట్టి, "అయ్యా, మేము అడిగింది మరువ," అన్నాను.

"తెచ్చింది అదే కదండీ."

"ఇది మరువం. మాకు కావాల్సింది మరువ. రాతిది."

ఆయన జాలిగా చూశాడు. "చూడండీ, సదరు అర్జీలో మీరు చాలా స్పష్టంగా రాశారు. మరువ పాడైపోయినది. మరువ లేక వలసలు. సదరు పదాన్ని మా కంప్యూటర్ ఉద్యాన పంటల కింద గుర్తించినది. సున్నా మీరు మరిచిపోతే అదే చేర్చుకున్నది. అంత తెలివైనదండీ అది! పైగా మరువం తక్కువ నీటితో ఎక్కువ విలువ తెచ్చే పంట. జల నిర్వహణా జరిగినది, ఆర్థికాభివృద్ధీ జరిగినది. ఒకే మొక్కకు రెండు లక్ష్యాలు!"

"ఇంగా జరగల్యా సామీ," అంది ఓబుళమ్మ. "తక్కువ నీళ్ళంటే తక్కువైనా ఉండల్ల గదా! యాడుండాయి?"

"అది వేరే అర్జీ అమ్మా. ఈ అర్జీ పరిష్కారమైపోయినది. మీరు సంతృప్తి చెందినట్టు నమోదు కూడా అయినది."

"నేనా? ఎప్పుడు?"

"లారీ బయలుదేరినప్పుడు."

అలా మేము సంతృప్తి చెందాం. చెరువు కింద ఎండిన మళ్ళలో మరువం నాటించారు. చుక్క చుక్కగా నీళ్ళు పడే నల్ల పైపులు పరిచారు. పైపుల్లోంచి చుక్క చుక్కగా గాలి పడింది. మాల కట్టడంలో శిక్షణ ఇవ్వడానికి ఒకాయన వచ్చి, పుట్టినప్పటినుంచి మాలలు కడుతున్న మా ఆడవాళ్ళకు దారం పట్టుకునే పద్ధతి తెర మీద చూపించి పోయాడు. మొక్కలు వాడిపోతే వైకుంఠరావు గారు వచ్చి ఆకు నలిపి వాసన చూసి, "ఎండిన మరువానికి ఎగుమతి విలువ ఎక్కువ," అని రాసుకున్నాడు. నివేదికలో మా ఊరి ఎదుగుదల గీత నిట్టనిలువుగా పోయింది. ఆ గీతకు ఆనించి నిచ్చెన వేసుకుంటే మబ్బులు అందుతాయి, వాటినే పిండుకుందాం అన్నాడు సుంకన్న మామ.

నేను మళ్ళీ మిషన్ ఆఫీసుకు పోయాను. ఈసారి మరువ అంటే ఏమిటో నేల మీద బొమ్మ గీసి చూపించాను. ఇదిగో కట్ట, ఇదిగో చెరువు, ఇదిగో నీళ్ళు పొర్లే గోడ. వైకుంఠరావు గారి మొహం విప్పారింది.

"ఓహో, అలుగా! మావైపు దీన్ని అలుగు అంటామండీ! ఈ మాట ముందే చెప్పొచ్చు కదా! మరువ, మరువ అంటే ఎవరికి అర్థమవుతుందీ? అలుగు అని రాయండి, వెంటనే అయిపోతుంది."

మనిషి మంచివాడే. ఆయన చెప్పినట్టే రాశాను. "మా చెరువు దగ్గర అలుగు నడుం విరిగి పడి ఉంది. ఆలస్యమైతే దక్కదు. దయచేసి వెంటనే వచ్చి కాపాడండి."

నిజంగా వెంటనే వచ్చారు. అలాంటి వేగం నేను ఏ ప్రభుత్వంలోనూ చూడలేదు. సైరన్ మోగించుకుంటూ అటవీ శాఖ బండి వచ్చింది. అందులో ఒక బోను, ఒక పశువుల డాక్టరు, రేంజరు కౌసల్య మేడం. అలుగు అంటే ఒంటినిండా పొలుసులుండి, చీమలు తిని, భయపడితే ఉండలా చుట్టుకుపోయే అడవి జంతువు కూడా అన్న సంగతి మాకు అప్పుడు గుర్తొచ్చింది.

"గాయపడిన అలుగు ఎక్కడ?" అంది మేడం, చేతికి తొడుగులు వేసుకుంటూ.

సుంకన్న మామ తెగిన గోడ వైపు చెయ్యి చూపించాడు. "అదో మేడం, నడుం ఇరిగి పండుకోనుండాది. పాపం, మూలుగు గూడా లేదు."

మేడం రాళ్ళ సందుల్లోకి టార్చి కొట్టి చూసింది. డాక్టరు చెవి పెట్టి విన్నాడు.

"కనపడటం లేదు," అన్నాడు డాక్టరు.

"కనపడకపోవడమే దాని ప్రధాన లక్షణం," అంది మేడం. "అంటే ఇక్కడే ఉంది."

ఆ సాయంత్రానికే గోడ చుట్టూ తాడు కట్టి బోర్డు పెట్టారు. సంరక్షిత అలుగు ఆవాసం. ఇచ్చట తవ్వరాదు, రాయి కదపరాదు, గట్టిగా మాట్లాడరాదు. చెట్టుకు కెమెరా కట్టారు. అందులో రోజూ మా ఊరి మేకలు పడేవి.

చిక్కు ఏమొచ్చిందంటే, అదే నేల మిషన్ లెక్కలో సుగంధ క్లస్టరు. రెండు శాఖలకూ మా పంచాయతీ ఆఫీసులో సమన్వయ సమావేశం జరిగింది. మేము కిటికీలోంచి చూశాం.

"అలుగు సంచారం మూలంగా మరువం దిగుబడిపై పడగల ప్రభావమును తమరు అంచనా వేశారా?" అన్నాడు వైకుంఠరావు గారు.

"అలుగు మరువం తినదండీ. చీమలు తింటుంది," అంది మేడం.

"చీమలు మరువం మీద ఉన్నచో?"

మేడం ఆలోచనలో పడింది. "అధ్యయనం చేయాలి."

టీ వచ్చింది. టీ అయ్యేసరికి ఇద్దరూ చేతులు కలిపారు. మా ఊరి పంటకు ‘అలుగు హిత మరువం’ అని పేరు పెట్టారు. గోడ మీద టోపీ చుక్క పక్కన ఒక అలుగు బొమ్మ వేశారు. రెండూ చేతులు పట్టుకుని నవ్వుతున్నాయి. నవ్వనిది మేమే.

ఆకాశం నల్లబడుతోంది. తూర్పున ఉరుములు మొదలయ్యాయి. నేను పోయేసరికి ఓబుళమ్మ అరుగు మీద చాప, రెండు బొచ్చెలు, దుప్పటి మూట కట్టి పెట్టింది. తాళం చెవి కొంగున ముడేసింది.

"ఇంగొక అర్జీ రాస్తా ఓబుళమ్మా, పోవద్దు," అన్నాను.

"ఏమని రాస్తావు? ఈసారి ఏనుగును తోలకొస్తారు." మూట మీద కూర్చుంది. ఎదురుగా పంచాయతీ గోడ మీది చుక్కనూ అలుగునూ చూసి, ఉన్నట్టుండి లేచింది. "అన్నా, మనం ఏం చెప్పినా వాళ్ళకు ఇంగోటి ఇనపడతాది కదా. పోనీ, వాళ్ళకు ఇనపడేదే చెప్దాం. మరవ కట్టండి అనొద్దు. మరువానికి పీట ఎయ్యండి అను."

"పీటా?"

"ఆ. రాతి పీట. కట్ట కొస నుంచి గుట్ట దంకా. నీళ్ళు కారకుండా. ఆ మేడమ్ముకు గూడా ఒకటి రాయి. అలుగు కిందికి దిగేదానికి వాలుగా రాళ్ళు పరచమని."

నేను ఆమె మొహం చూసి, జేబులోంచి కాగితం తీసి, ఆ మూట మీదే పెట్టి రాశాను. మిషన్‌కు రాసింది ఇది: "మరువం మొక్కలు నేలబారుగా ఉండటం వల్ల వాటి సువాసన జాతీయ స్థాయికి చేరడం లేదు. కావున పాత రాళ్ళున్న చోటనే ఎత్తైన రాతి వేదిక నిర్మించి మొక్కల గౌరవం పెంచవలసిందిగా మనవి." అటవీ శాఖకు రాసింది ఇది: "నడుం విరిగిన అలుగు నిటారు గోడ దిగలేదు. వేదికకు వెనక వైపు ఏటవాలుగా రాతి పరుపు అవసరం."

గౌరవం అన్న మాట దగ్గర మిషన్ కరిగిపోయింది. వాలు అన్న మాట దగ్గర మేడం కన్నీళ్ళు పెట్టుకుందని విన్నాను. మరువ కట్టడానికి సర్కారుకు చేతగాలేదు గానీ, మరువానికి వేదిక కట్టడానికి మేస్త్రీలు, కంకర, సిమెంటు వరసగా దిగాయి. ఓబుళమ్మ మూట విప్పలేదు. మూటను అరుగు మీదే ఉంచి, తను కూలికి పోయి రాళ్ళందించింది.

పెద్ద మేస్త్రీ పునాది చూసి, కొలత చూసి, నా వైపు తిరిగాడు. "ఇది మరవ కదప్పా?"

"గెట్టిగా అనగాకు," అన్నాడు సుంకన్న మామ. "ఇనపడితే నిలిపేస్తారు."

వేదిక పూర్తయింది. కంత మూసుకుంది. వెనక వైపు అలుగు గారి కోసం నున్నటి రాతి పరుపు పడింది. పొర్లే నీళ్ళు గోడ కాళ్ళు తవ్వకుండా ఉండాలంటే సరిగ్గా అదే కావాలి. వేదిక మీద వరసగా మరువం కుండీలు పేర్చారు. వైకుంఠరావు గారు రిబ్బను కత్తిరించి, రాష్ట్ర డైరెక్టరు గారు స్వయంగా చూడటానికి వస్తారని చెప్పి వెళ్ళాడు.

ఆ వారమే వాన పట్టుకుంది. అది మామూలు వాన కాదు. కుండలతో కుమ్మరించింది. ఊరి పక్క వాగు ఎర్రవంక ఎర్రగా పొంగి చెరువులో పడింది. నీళ్ళు కంత వెతుక్కున్నాయి, దొరకలేదు. పైకి లేచాయి. కుండీలను ఒక్కొక్కటే ఎత్తుకుని, అలుగు గారి రాతి పరుపు మీదుగా దించి, కింది ఊరి చెరువుకు తీసుకుపోయాయి. ఊరు ఊరంతా కట్ట మీదికి ఉరికింది. మరువ పారుతోంది! ఆడవాళ్ళు చాటల్లో పసుపు కుంకుమ, రవికగుడ్డ పెట్టుకొచ్చి గంగమ్మకు ఇచ్చారు. ఓబుళమ్మ ఇంటికి పోయి మూట విప్పింది. బొచ్చెలు చప్పుడు చేస్తూ గూట్లోకి పోయాయి. మరునాడే నారు పోసింది.

నారు మొలకెత్తి పచ్చబడేసరికి వైకుంఠరావు గారి ఫోను వచ్చింది. సిగ్నలు సరిగా లేదు. నా చేతిలోంచి ఫోను లాక్కుని సుంకన్న మామ మాట్లాడాడు.

"డైరెక్టరు గారు రేపు వస్తున్నారు. మరువం ఎలా ఉంది?"

"మరవ పారింది సార్!" అని అరిచాడు మామ.

"ఏమిటీ? పారిపోయిందా?"

"పారింది సార్! వాన నిలిచినా ఇంగా పారతానే ఉండాది!"

"ఎటు పోతోంది?"

"కింది ఊరికి సార్. ఆడికే గదా పోవల్సింది."

"ఎవరూ ఆపలేదా?"

"ఆపేదేంటికి సార్! దానికోసమే గదా ఇన్నాళ్ళు కాసుకోనుండేది. ఆడోళ్ళంతా పసుపు కుంకుమ ఇచ్చి సాగనంపినారు."

అవతల ఫోను కింద పడిన చప్పుడైంది.

మరునాడు డైరెక్టరు గారు రాలేదు. నోటీసు వచ్చింది. ప్రభుత్వ ఆస్తి అయిన మరువం గ్రామ మహిళల సహకారంతో, పూజాది లాంఛనాలతో పరారైనదని, దాని జాడ కోసం పోలీసువారిని కోరడమైనదని, లబ్ధిదారైన మొక్క పరారీలో ఉన్నందున వేదిక నిరుపయోగమైనదని, కావున దానిని పగులగొట్టి రాళ్ళు స్వాధీనం చేసుకోవడమగునని అందులో ఉంది. నోటీసు వెనకే రాళ్ళు పగలగొట్టే మిషను వచ్చింది. దాని ముందు జీపులో వైకుంఠరావు గారు.

చెరువు నిండుగా ఉంది. గోడకు ఒక్క దెబ్బ పడితే చాలు, మడి, నారు, కిందున్న ఇళ్ళు అన్నీ వంకలో కలుస్తాయి. ఓబుళమ్మ బురద కాళ్ళతో వచ్చి మిషనుకు అడ్డం నిలబడింది.

"ఇది మా మరవ సామీ. పగలగొడితే ముందు నన్ను పగలగొట్టల్ల."

"అమ్మా, మరువం పారిపోయిందని మీవాళ్ళే వాంగ్మూలం ఇచ్చారు. మొక్క లేని వేదిక రూల్సు ప్రకారం ఉండకూడదు."

"నీళ్ళు కనపడల్యా నీకు? కండ్లుండాయి గదా!"

"నీళ్ళు ఈ పథకంలో లేవమ్మా. ఇది జల మిషన్."

డ్రైవరు మిషను స్టార్టు చేశాడు. నేను నినాదాలు ఎత్తుకున్నాను. నలభై ఏళ్ళు నినాదాలు ఇచ్చిన గొంతు నాది, ఆ చప్పుడులో నాకే వినపడలేదు. ఓబుళమ్మ నా జేబులోంచి ఫోను పెరికి, మేడం నంబరు నొక్కి, మిషను వైపు ఒక చెయ్యి అడ్డం పెట్టి, ఇంకో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని అరిచింది.

"మేడం! అలుగు నడుం మళ్ళా ఇరగ్గొట్టేదానికి మిషనొచ్చిండాది! జప్పున రాండి!"

సైరన్ ఎంత తీయటి చప్పుడో నాకు ఆ రోజు తెలిసింది. కౌసల్య మేడం బండి ఆగకముందే దూకింది.

"ఒక్క రాయి కదిలినా జైలు! ఇది సంరక్షిత ఆవాసం!"

"మేడం, సదరు అలుగును ఇంతవరకు ఎవరూ చూడలేదు కదండీ," అన్నాడు వైకుంఠరావు గారు.

"చూడలేదు కాబట్టే అది క్షేమంగా ఉంది. మీ మరువాన్ని అందరూ చూశారు. ఏమైంది? పారిపోయింది."

ఆయన నోటీసు మడిచి జేబులో పెట్టుకుని జీపెక్కాడు. మిషను వెనక్కి తిరిగిపోయింది. మరువం ఇప్పటికీ పరారీలోనే ఉంది. మా ఆడవాళ్ళ జడల్లో అప్పుడప్పుడు వాసన వస్తుంది గానీ ఎస్సై గారు అంత దగ్గరగా వచ్చి విచారించలేరు. మా మరువ మాత్రం లేని జంతువు కాపలాలో నిక్షేపంగా ఉంది. ఇది ప్రభుత్వం మా ఊరికి కట్టిన మొదటి మరువ. ప్రభుత్వానికి ఆ సంగతి తెలియదు. తెలియనివ్వకండి.

మొన్న ఓబుళమ్మ నాట్లు వేస్తుంటే ఇద్దరు అధికారులు గట్టు మీదికొచ్చారు. చెరువు నీళ్ళు మళ్ళకు వదిలే తూముకు తలుపు తుప్పుపట్టి ఊడిపోయేలా ఉందని నేను అర్జీ పెట్టి ఉన్నాను. వచ్చినవాళ్ళు తూనికలు కొలతల శాఖవారు. తూము అంటే పాతకాలం ధాన్యం కొలిచే కొలత కూడా మరి.

"మీ ఊళ్ళో తూము లోపంగా ఉందని ఫిర్యాదు అందినది," అన్నారు. "దానిపై ప్రభుత్వ ముద్ర ఉందా?"

నేను నోరు తెరిచాను. ఓబుళమ్మ మడిలోంచే నన్ను కళ్ళతో ఆపింది. చేతిలో నారుకట్ట పట్టుకుని, నడుం నిలబెట్టి, ఎంతో వినయంగా చెప్పింది.

"లేదు సార్. అదే మా బాధ. ముద్ర ఎయ్యండి సామీ. కాకుంటే ముద్ర పడేదానికి దానికి ఒక మంచి ఇనప తలుపు ఉండల్ల గదా."

వాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకుని రాసుకున్నారు. తలుపు వచ్చే వారం వస్తుందట.